నాలుగోసారి ఇల్లు వదిలిన రోజు

ఆకులు ఊడ్చి ఊడ్చి నా కుడి భుజం పట్టేసింది. చెయ్యెత్తి జడ వేసుకోవాలన్నా నొప్పే. డాక్టరు రెండు నెలలు చీపురు ముట్టుకోవద్దన్నాడు. ఆ మాట చెట్లకెవరు చెప్తారు?

ఈ ఆస్ట్రేలియా చెట్ల తీరే వేరు. మన దగ్గర ఆకు రాలడానికి ఒక కాలం ఉంటుంది. రాలేవి రాలి, ఉగాది నాటికి చిగురేసి, తమ పని తాము చూసుకుంటాయి. ఈ గమ్ ట్రీలు మాత్రం నడివేసవిలో, ఎండ నిప్పులు చెరుగుతుంటే రాలుస్తాయి. ఆకులతో సరిపెట్టుకోవు. బెరడు కూడా అరటి దొప్పల్లా పొడుగ్గా ఊడి కింద పడుతుంది. జలుబు చేస్తే మనం ముక్కుకి రాసుకునే నీలగిరి తైలం ఈ జాతి ఆకులదేనట. అంటే మా ఇంటి చుట్టూ పడేది చెత్త కాదు, నూనెలో ముంచిన వత్తులు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి ఊడుస్తాను. ఊడ్చి వెనక్కి తిరిగేసరికి మళ్ళీ నాలుగు పడి ఉంటాయి.

మూడేళ్ళ క్రితం ఈ ఇల్లు కొన్నాం. అంతకుముందు కాన్‌బెర్రా ఊళ్ళోనే హారిసన్‌లో అద్దెకున్నన్నాళ్ళూ మా ఆయన ద్వారకానాథ్‌గారిది ఒకటే పాట. "పక్కింటివాడు తుమ్మితే మనం చిరంజీవ అనాల్సి వస్తోంది. కాళ్ళ కింద కాస్త మట్టి ఉండాలి శ్యామా." కాన్‌బెర్రా దాటి ముప్పావు గంట వస్తే, కొండ దిగువన ఐదెకరాలు, మధ్యలో ఇటుక ఇల్లు. తూర్పు గుమ్మం. నీళ్ళ ట్యాంకు మాత్రం పడమట, ఇంటి వెనక ఉంది. వాస్తుకి అదొక్కటే లోపం అనుకున్నాం. వెనకాల కొండంతా అడవి అన్న సంగతి వాస్తులో రాదు కదా.

నాకు నిప్పంటే భయం. నా ఏడో ఏట రేపల్లె దగ్గర మా ఊళ్ళో, మా వీధి వీధంతా తగలబడింది. అన్నీ తాటాకు ఇళ్ళు. రోహిణీ కార్తెలో పొద్దెక్కాక పొయ్యి వెలిగించకూడదని కట్టుబాటు. ఎవరో చంటిబిడ్డకి పాలు కాచబోయారు. ఒక్క రవ్వ లేచింది. పదకొండు ఇళ్ళు పోయాయి. మా అమ్మ చేతికి దొరికినవి ఒక ఇత్తడి బిందె, నేను. ఆ తరవాత ఆవిడ బతికున్నన్నాళ్ళూ నాకు నేర్పింది ఒకటే, కీడెంచి మేలెంచమని. నేను కీడెంచడం దగ్గరే ఆగిపోయాను, పదో తరగతి దగ్గర చదువు ఆగిపోయినట్టే.

మా కంచె అవతల కోలిన్ ఉంటాడు. డెబ్బై దాటాయి. ముప్పై ఏళ్ళుగా ఇక్కడి ఫైర్ బ్రిగేడ్‌లో వాలంటీరు. దసరా వెళ్ళిన వారానికి ఒక ఆదివారం వచ్చి, "ఈసారి ఎండాకాలం మంచిగా ఉండదు షామా. మీ ఇల్లొకసారి చుట్టి చూస్తాను" అన్నాడు. నాకు అర్థం కావాలని మెల్లగా, మాట మాట విడదీసి మాట్లాడతాడు. మా ఆయన ఆఫీసు ఫోన్లో ఉన్నారు. నేనే మా అమ్మాయి అనన్య పాత స్కూలు నోటుబుక్కు పట్టుకుని కోలిన్ వెనకాల తిరిగాను.

కప్పు అంచున వాననీళ్ళు పోయే గట్టర్లలో ఆకులు తీసెయ్యాలి. గోడకి ఆనించిన కట్టెల మోపు దూరంగా పెట్టాలి. వంటింటి కిటికీ కింద కరివేపాకు కుండీ అక్కడ ఉండకూడదు. గుమ్మం ముందు కొబ్బరిపీచు పట్టా తీసెయ్యాలి. పెంకుల కింద సందులకి ఇనప జాలీ కొట్టాలి. మంట వచ్చే రోజున గట్టర్ల గొట్టాలకి గుడ్డలు కుక్కి, వాటి నిండా నీళ్ళు పోసి పెట్టాలి. అన్నీ తెలుగులో రాసుకున్నాను.

వరండా దగ్గరికొచ్చి ఆయన ఆగాడు. "మంట నడిచొచ్చి ఇల్లు కాలుస్తుందనుకుంటారు. చాలా ఇళ్ళు అలా పోవు. ముందు గాలికి రవ్వలొస్తాయి. గంటల తరబడి వస్తాయి. నువ్వు రోజూ ఊడుస్తావు కదా, నీ ఆకులన్నీ ఎక్కడ పోగవుతాయి?"

"ఇక్కడే. ఈ వరండా మూల, గుమ్మం పక్కన. ఎటు గాలి వచ్చినా ఇక్కడికే చేరతాయి."

"రవ్వలూ ఇక్కడికే చేరతాయి. గాలికి ఆకైనా ఒకటే, రవ్వైనా ఒకటే."

ఆ మాట కింద రెండు గీతలు గీసుకున్నాను. తల ఎత్తేసరికి కోలిన్ గుమ్మం పైకి చూస్తున్నాడు. దసరాకి కట్టిన మామిడాకుల తోరణం. ఇరవై ఒక్క ఆకులు. కాన్‌బెర్రా చలికి మామిడి బతకదు. మా స్నేహితురాలు ఉదయశ్రీ సిడ్నీ వెళ్ళినప్పుడు అక్కడి హారిస్ పార్క్‌లో మనవాళ్ళ కొట్లో కొని, తడిగుడ్డలో చుట్టి తెచ్చిచ్చింది. ఆయన తోరణాన్ని చూశాడు, నన్ను చూశాడు, ఏదో అనబోయాడు.

"మా దేవుడిది," అన్నాను. "ఇంటికి మంచిది. ఫర్ గుడ్ లక్."

"లవ్లీ," అని టోపీ సర్దుకుని మెట్లు దిగిపోయాడు.

తెల్లవాడైనా ఎంత మర్యాద తెలిసిన మనిషి అనుకున్నాను.

నోటుబుక్కులో రాసుకున్నదంతా నవంబరు నెలాఖరుకి చేయించాను. మా ఆయన నిచ్చెనెక్కి విసుక్కుంటూ గట్టర్లు తీశారు. కట్టెలు నేనే మోశాను, ఊడ్చి ఊడ్చి పట్టేసిన భుజం దాంతో పూర్తిగా పోయింది. కరివేపాకు కుండీని ఇద్దరం దొర్లించుకుంటూ కంచె దాకా తీసుకెళ్ళాం. మూడు పాత నూలుచీరలు చింపి, గొట్టాలకి సరిపడా ఉండలు చుట్టి పెట్టాను. తోరణం ఎండి, రంగు మారి, గాలి వీస్తే గలగలమనేది. కొత్తది దొరికేదాకా పాతది తీయకూడదు. బోసి గుమ్మం చూస్తే లక్ష్మి మెట్టు దగ్గరే ఆగిపోతుందనేది మా అత్తగారు.

ఫ్రిజ్ మీద ప్లాన్ అంటించాం. అనన్య యూనివర్సిటీలో మొదటి సంవత్సరం, అదే ఇంగ్లీషులో టైపు చేసింది. ఆ రోజు నిప్పు ప్రమాదం ఎంతో చూపించే రోడ్డు పక్క బోర్డు మీద ముల్లు 'ఎక్స్‌ట్రీమ్' చూపిస్తే పొద్దున పదికల్లా ముగ్గురం ఇల్లు వదలాలి. మంట కనపడ్డాక కాదు, పొగ వాసన తగిలాక కాదు. పదికి. కింద ముగ్గురం సంతకాలు పెట్టాం.

ఇక్కడ ఎండాకాలం మొదలయ్యే డిసెంబరులో రెండుసార్లు ఇల్లు వదిలాం. జనవరి మొదటి వారంలో మూడోసారి. పాస్‌పోర్టులు, సర్టిఫికెట్ల ఫైలు, అనన్య లాప్‌టాప్, దేవుళ్ళ పెట్టె, మూడు జతల బట్టలు, ఆవకాయ జాడీ. జాడీ ఎందుకంటే చెప్పలేను. చేతికొచ్చిందంతే. ప్రతిసారీ హారిసన్‌లో ఉదయశ్రీ వాళ్ళింటికే. వాళ్ళాయన ఈశ్వరప్రసాద్ గారు మంచివారే, కానీ నోరు ఊరుకోదు.

"రండి చెల్లెమ్మా, మీ గది సర్దే ఉంచాం. ఈసారి మంట ఎక్కడిదాకా వచ్చింది? మా టీవీ దాకానా?"

"నవ్వండి అన్నయ్యగారూ."

"నవ్వక? బావగారు ఆవకాయ జాడీ ఒళ్ళో పెట్టుకుని మంటల్లోంచి వస్తుంటే!"

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మా ఆయన మాత్రం నవ్వలేదు.

ప్రతిసారీ సాయంత్రానికి గాలి తగ్గేది, మంట ఎక్కడో వంద కిలోమీటర్ల అవతల ఆగేది, మేము తిరిగొచ్చేవాళ్ళం. ఇల్లు ఎలా వదిలామో అలాగే ఉండేది. సంతోషించాలి కదా? నాకు కారులోంచి సామాను దించాలంటే ఏడుపొచ్చేది. దేవుళ్ళని మళ్ళీ అరలో నిలబెట్టాలి. గొట్టాల్లోంచి గుడ్డలు లాగాలి. ఆ వేళకి వరండాలో నా కోసం మళ్ళీ ఆకులు.

మూడోసారి తిరిగొచ్చాక మా ఆయన తాళంచెవి బల్ల మీద పడేసి, "ఇంకోసారి నేను రాను," అన్నారు. కోపంతో అన్నారనుకున్నాను. కోపమైతే తగ్గేది. అది అలుపు.

నాలుగోది ఆ నెలాఖరున, ఒక మంగళవారం. తెల్లారి ఆరింటికే వేడిగాలి మొదలైంది. అనన్య వెళ్ళి చూసొచ్చింది. ముల్లు ఎక్స్‌ట్రీమ్ మీద ఉంది.

మా ఆయన ఇంటి వెనక ట్యాంకు దగ్గర పంపులో పెట్రోలు పోస్తున్నారు.

"ఏవండీ, తొమ్మిదయింది."

"అయితే?"

"ప్లాన్‌లో..."

"ప్లాన్ నేనూ చదివాను. పంపు ఉంది, ట్యాంకు నిండా నీళ్ళున్నాయి, ఇటుక ఇల్లు. మూడుసార్లు పరిగెత్తాం. ఎవడికీ ఏం కాలేదు, నాకు తప్ప. ఆఫీసులో సెలవులైపోయాయి, ఈశ్వర్ ముందు పరువైపోయింది. మీరిద్దరూ వెళ్ళండి. నేను ఉంటాను."

"మీకేమన్నా అయితే..."

"ఆపు. తథాస్తు దేవతలు మనింటి కప్పు మీదే కాపురం పెట్టినట్టున్నారు, నీ మాటలు వినడానికి."

అనన్య తలుపు దగ్గర నిలబడి ఉంది. "నాన్నా, దిస్ ఈజ్ స్టుపిడ్. యు సైన్డ్ ఇట్."

"సంతకం చెరిపేస్తాను తల్లీ. నువ్వు మీ అమ్మని తీసుకెళ్ళు."

ఇంకో రోజైతే ఏడ్చేదాన్ని. కాళ్ళు పట్టుకునేదాన్ని, ఒట్లు పెట్టేదాన్ని. ఆ రోజు నాలో ఆ ఓపిక లేదు. భుజం సలుపుతోంది. "సరే," అన్నాను. ఆ మాట విని ఆయనే తల తిప్పి చూశారు.

వెళ్ళే ముందు ఆయనకి పొడుగు చేతుల నూలు చొక్కా, జీన్సు, తోలు బూట్లు తీసి పెట్టాను. నైలాన్‌ది ఏదీ వేసుకోవద్దన్నాను. నైలాన్ నిప్పు తగిలితే కరిగి ఒంటికి అతుక్కుంటుంది, వంటింట్లో చీరంటుకున్న ఆడవాళ్ళని చూసినదాన్ని. ఉన్ని దుప్పటి తడిపి ముందు తలుపు లోపల పెట్టాను. దాని పక్కన రెండు బకెట్ల నీళ్ళు. వెనక తలుపు దగ్గర రెండు. "ఇల్లంతా బకెట్లేనా, తట్టుకుని పడతాను," అన్నారు. తీయమని మాత్రం అనలేదు.

దేవుళ్ళ పెట్టె నేను పట్టుకున్నాను. వెంకటేశ్వరస్వామి పటం ఎత్తుగా ఉండి మూత సరిగ్గా పడదు. ముందు తలుపు లాగేసరికి గాలికి అది దభాలున మూసుకుంది. పైన తోరణం గలగలమంది. ఒక ఆకు తెగి, తిరుగుతూ తిరుగుతూ వచ్చి పెట్టెలో, స్వామి గుండెల మీద పడింది.

నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. ఇంటాయన లోపల ఉండగా గుమ్మం ఆకు రాలడమా?

"అమ్మా, కమాన్!" అనన్య కారులోంచి పిలిచింది.

ఆ ఆకుని కళ్ళకద్దుకుని పెట్టెలోనే పెట్టుకున్నాను. దారంతా దాన్నే చూస్తూ కూర్చున్నాను.

హారిసన్‌లో ఈశ్వరప్రసాద్ గారు తలుపు తీశారు. "రండి, చెల్లెమ్మా..." అని మా వెనక చూసి, "బావగారేరి?" అన్నారు. చెప్పాను. ఆయన జోకు వెయ్యలేదు. ఆయన జోకు వెయ్యకపోవడం చూసి నాకు ఇంకా భయమేసింది.

పన్నెండున్నరకి ఫోన్లో మంటలు చూపే మ్యాపు మీద, మా కొండ అవతల చిన్న పసుపు గుర్తు వచ్చింది. కొత్త మంట. ఒంటిగంటకి అది నారింజ అయింది. నేను ఫోన్ చేశాను. గ్యాస్ కట్టేశారా? కట్టేశాను. వెనక తలుపు కింద తడి తువ్వాలు పెట్టారా? పెట్టాను. ఏమన్నా తిన్నారా? తిన్నాను. ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీశారా?

"శ్యామా, కరెంటే పోయింది, ఇస్త్రీపెట్టె ఏంటి! కొండ మీద పొగ కనిపిస్తోంది. నేను నీళ్ళు కొట్టనా, నీకు జవాబులు చెప్పనా? ఇది పదకొండో ఫోను. ఇంక నీ ఫోన్ ఎత్తను." పెట్టేశారు.

రెండు దాటాక గుర్తు ఎర్రగా అయింది. అనన్య చదివింది. "ఏముందే?" అంటే ఫోన్ బోర్లా పెట్టింది. ఈశ్వరప్రసాద్ గారు తన ఫోన్లో చూసి మెల్లగా చెప్పారు. ఇంక బయల్దేరకూడదట. రోడ్డు మూసేశారట. ఇంట్లో ఉన్నవాళ్ళు ఇంట్లోనే ఉండాలట.

నేను ఫోన్ చేశాను. మోగింది, మోగింది, ఆగింది. మళ్ళీ చేశాను. ఎత్తలేదు.

"రా వదినా, ఇలా కూర్చుంటే పిచ్చెక్కుతుంది. దీపం పెట్టుకుందాం," అని ఉదయశ్రీ నా చెయ్యి పట్టుకుని లేపింది. హాల్లో పీట వేసి దేవుళ్ళని తియ్యబోయాను. స్వామి గుండెల మీద ఆ ఆకు. ఇంక ఆగలేకపోయాను.

"పొద్దున్నే తెలిసింది ఉదయా నాకు. గడప దాటుతుంటే రాలింది. ఇంతకంటే ఎలా చెప్తాడు దేవుడు? విని కూడా వదిలేసి వచ్చాను. 'సరే' అన్నాను. ముప్పై ఏళ్ళుగా ప్రతిదానికీ ఏడ్చి, ఏడవాల్సిన రోజు సరే అన్నాను."

"ఛ, అలా అనకు వదినా."

అనన్య వచ్చి నా పక్కన నేల మీద కూర్చుంది. నా చేతిలోంచి ఆకు తీసుకుంది. దాని వేళ్ళ మధ్య అది అప్పడంలా విరిగింది. "అమ్మా, ఇది ఓమెన్ ఏం కాదు. చూడు. ఇట్స్ జస్ట్ డ్రై. డ్రై అయింది, పడిపోయింది. అంతే."

పొడి నేల మీద రాలింది. ఉదయశ్రీ వాళ్ళ నేల శుభ్రంగా మెరుస్తూ ఉంటుంది. అలవాటు కొద్దీ నా చెయ్యి ఆ పొడిని ఎత్తడానికి వెళ్ళి, మధ్యలో ఆగిపోయింది.

నాలుగు నెలలుగా ఊడుస్తున్నాను. గట్టర్లలోవి, కిటికీ జాలీల్లోవి, కారు కిందవి, ఏ చెట్టుదైనా ఒక్క ఎండుటాకు ఉండనివ్వలేదు. రోజూ ఆ వరండా మూల నిలబడి ఊడ్చాను. నా తలకి మూరెడు పైన ఇరవై ఎండుటాకులు, ఎండిన నూలుతాడు మీద, చెక్క ద్వారబంధానికి వేలాడుతున్నాయి. అవి ఆకులని నాకు ఒక్కనాడూ తోచలేదు. అవి తోరణం కదా!

"రవ్వలూ అక్కడికే చేరతాయన్నాడు," అన్నాను.

"ఎవరు వదినా?"

నేను అప్పటికే ఫోన్ చేస్తున్నాను. మోగుతోంది. ఎత్తడం లేదు. మళ్ళీ చేశాను. గ్యాస్ గురించి, తువ్వాలు గురించి, ఇస్త్రీపెట్టె గురించి నేను వాడేసిన పదకొండు ఫోన్లూ గుర్తొచ్చాయి.

"అనన్యా, నీ ఫోన్లోంచి చెయ్యి. నీదైతే ఎత్తుతారు. తోరణం పీకెయ్యమని చెప్పు. ముందు గుమ్మం తోరణం!"

అది నా మొహం వైపు ఒక్క క్షణం చూసింది. నేలమీద పొడి వైపు చూసింది. ఇంకేం అడగలేదు. రెండో రింగుకే ఆయన ఎత్తారు. స్పీకర్లో రైలు వెళ్తున్నట్టు హోరు.

"అనన్యా? ఏంటి తల్లీ, నేను వెనక..."

"నాన్నా, ముందు డోర్ మీద తోరణం ఉంది కదా. పుల్ ఇట్ డౌన్. నౌ!"

"తోరణమా? మీ అమ్మ చెప్పిందా? ఇక్కడ కొండ దిగి వస్తోంది, పంపు వదిలి..."

"నాన్నా, గో టు ద ఫ్రంట్!"

నేను ఫోన్ మీద పడి అరిచాను. "ఏవండీ, ఇదొక్కటి వినండి! ఇంక జన్మలో ఏదీ అడగను, ఇదొక్కటి!"

బూట్ల చప్పుడు వినిపించింది. ఆయన ఆయాసం. వెనక తలుపు. బకెట్టు తట్టుకుని దొర్లిన చప్పుడు. తరవాత ఆయన గొంతు, నాతో కాదు, అనన్యతో కాదు, తనలో తాను అనుకున్నట్టు, "అమ్మో" అని.

లైను కట్ అయింది. తిరిగి చేస్తే అసలు మోగలేదు.

ఆ తరవాత గంటా నలభై నిమిషాలు. దాని గురించి నేను రాయలేను. ఉదయశ్రీ పెట్టిన దీపం వత్తి చివరిదాకా కాలింది. ఈశ్వరప్రసాద్ గారు నాకు ఎదురుగా కూర్చుని ఒక కిలో చిక్కుడుకాయలకి ఈనెలు తీశారు.

నాలుగున్నరకి తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. కోలిన్. "షామా, మీ ఆయన మా ట్రక్కులో నా పక్కనే ఉన్నాడు. చెయ్యి కాలింది, అంతే. ఇల్లు ఉంది." చివరి మాట నేను వినలేదు. తరవాత అనన్య చెప్పింది.

ఆస్పత్రిలో, కుడిచేతికి మోచేతి దాకా కట్టుతో, మా ఆయన చెప్పుకొచ్చారు. ఆయన పడమట నిలబడి కొండనే చూస్తున్నారట. మంట గడ్డిలో దిగుతోంది, దాని మీదే నీళ్ళు కొడుతున్నారు. గాలి ఇంటి మీదుగా రవ్వల్ని తీసుకెళ్ళి, తూర్పు వరండాలో సుడి తిప్పి దింపుతోందని ఆయనకి తెలీదు. ఇంటిలోంచి పరిగెత్తి ముందుకొచ్చేసరికి తలుపు పక్కన గాజుపలకలోంచి ఎర్రటి వెలుగు. తలుపు తీస్తే తోరణం సగం మండుతోంది. ద్వారబంధం రంగు బుడగలుగా లేస్తోంది, మంట నాలుక కప్పు కింద చెక్కల్ని తాకుతోంది. గ్లవ్స్ వెనక పడేసి వచ్చారు. ఒట్టిచేత్తో పట్టుకుని లాగేశారు. కింద పడ్డదాని మీద తడి దుప్పటి, ద్వారబంధం మీద ఒకటి తరవాత ఒకటి రెండు బకెట్లు.

"బకెట్లు అక్కడ లేకపోతే..." అని ఆగిపోయారు. ఆ వాక్యం పూర్తి చెయ్యమని నేను అడగలేదు. మామూలుగా అయితే నేనే పూర్తి చేసేదాన్ని.

మూడోరోజు ఇంటికి వెళ్ళనిచ్చారు. కొండ నల్లగా, గుండు చేయించుకున్నట్టు ఉంది. కరివేపాకు కుండీ పగిలి, మొక్క బొగ్గయింది. ఇల్లు నిలబడే ఉంది. ముందు ద్వారబంధం కుడివైపు సగం బొగ్గు. పైన తోరణం కట్టిన రెండు మేకులు అలాగే ఉన్నాయి.

సాయంత్రం కోలిన్ వచ్చాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. మెట్టెక్కలేదు.

"అక్టోబరులో చూశాను షామా. నోటిదాకా వచ్చింది. మీ దేవుడి సంగతి కదా, నేనెవర్ని అని ఊరుకున్నాను. ముప్పై ఏళ్ళుగా జనానికి గుమ్మం ముందు పట్టాలు తీసెయ్యమని, చెట్లు కొట్టెయ్యమని మొహమాటం లేకుండా చెప్తున్నాను. ఆ ఒక్క రోజు మర్యాదకి పోయాను."

"మీరు చెప్పినా నేను తీసేదాన్ని కాదు కోలిన్," అన్నాను. అది నిజం. నవ్వి, ఈయనకేం తెలుసులే అనుకునేదాన్ని.

"ఇక ముందు కడతావా?"

"ఉగాదికి కడతాను. సాయంత్రానికి తీసేస్తాను."

ఆయన తలూపి, వరండా మూలకి చూశాడు. అక్కడ అప్పటికే ఆకులు, వాటితో ఈసారి మసి కూడా. నేను చీపురు తీసుకున్నాను. మా ఆయన నా చేతిలోంచి దాన్ని తీసుకుని ఎడమచేత్తో ఊడవబోయారు. సరిగ్గా రాలేదు. నేను చాట పట్టుకున్నాను, నాదీ ఎడమచెయ్యే. ఇద్దరం కలిసి ఒక మనిషి పని చెయ్యడానికి అరగంట పట్టింది.

బోసి గుమ్మం సంగతి ఉదయశ్రీకి చెప్తే, వాళ్ళ పూజగదికి కొన్న ప్లాస్టిక్ తోరణం ఒకటి పంపింది. పచ్చగా బాగుంది. డబ్బాలోంచి తీసి, మళ్ళీ డబ్బాలోనే పెట్టాను. ప్లాస్టిక్ కరిగి కారుతుంది. ఏమో, నాకు ఇప్పుడు ప్రతిదీ కాలేలానే కనిపిస్తోంది. ఇంతకుముందూ అంతే అనుకోండి.

ఫిబ్రవరి పదమూడున ముల్లు మళ్ళీ ఎక్స్‌ట్రీమ్ మీదికొచ్చింది. అంతా కాలిపోయింది కదా, ఇంక కాలడానికి ఏముంది అని మా ఆయన అంటారేమోనని పొద్దున్నుంచీ ఎదురుచూశాను. ఇంటికి తూర్పున ఇంకా కాలని అడవి ఉంది. తొమ్మిదింపావుకి బయట కారు హారన్ మోగింది. నేను ఇంకా దేవుళ్ళని సర్దుతున్నాను. వెళ్ళి చూస్తే అనన్య స్టీరింగు దగ్గర ఉంది, ఆయన పక్క సీట్లో బెల్టు పెట్టుకుని కూర్చుని, కట్టు ఉన్న చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేత్తో అటు సాగి హారన్ కొడుతున్నారు. కాళ్ళ దగ్గర ఆవకాయ జాడీ.

పెట్టె పట్టుకుని గడప దాటాను. తలుపు లాగాను. పైన ఏమీ గలగలమనలేదు. బోసి గుమ్మం. రెండు మేకులు. లక్ష్మి వస్తుందో, మెట్టు దగ్గరే ఆగుతుందో అనుకోవడానికి కూడా నాకు ఓపిక లేదు. వరండా మూల మూడు ఆకులు పడి ఉన్నాయి. పెట్టె కింద పెట్టి, వంగి, ఆ మూడూ ఏరి, చెత్తడబ్బాలో వేసి మూత పెట్టాను.

కారు కంచె దాటి రోడ్డెక్కింది. నేను వెనక సీట్లో కళ్ళు మూసుకున్నాను. హారిసన్‌లో గది సర్దే ఉంటుంది. సాయంత్రానికి తిరిగొస్తాం, సామాను దించుతాం, మళ్ళీ ఊడుస్తాం. వేసవి ఇంకా ఉంది.

"శ్యామా," అన్నారాయన ముందు నుంచి. "గ్యాస్ కట్టేశావా?"

"కట్టేశాను."

కాసేపటికి మళ్ళీ, "చూశావా?"

"రెండుసార్లు చూశాను," అన్నాను. "మీరు కాసేపు పడుకోండి."